గర్భసంచిలో గడ్డలు – పసరుతో కరుగుతాయా?

కలిగిరి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఆమె వయస్సు 43 సంవత్సరాలు. ఇద్దరు పిల్లలు. సీజనులో పొగాకు గ్రేడింగు పనికి వెళ్తారు. రెండేళ్ళుగా బహిష్టు ఎనిమిదేసి రోజులు వుంటోంది. మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా పోతోంది. స్కానింగు తీయిస్తే గర్భసంచిలో మూడు కంతులున్నాయనీ, అందులో పెద్దది 4 సెంటీమీటర్లనీ తేలింది. ఇక మిగిలింది ఆమె మాటల్లోనే చదవండి:

"డాక్టరమ్మగారూ, ఒక ఆసుపత్రిలో చూపిస్తే సంచి తీసెయ్యాలన్నారు. ఆలస్యం చేస్తే క్యాన్సరుగా మారుతుందన్నారు. మా ఆయన పాడిగేదెలు రెండూ బేరం పెట్టారు. మా అత్తగారేమో కొండ కింద పల్లెలో పసరు మందు పోసే ఆయన వున్నాడు, నలభై రోజులు పథ్యంతో తాగితే గడ్డ కరిగి పడిపోతుంది, కోత ఎందుకు అంటున్నారు. నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. గేదెలు అమ్మాలా, పసరు తాగాలా? మీరెట్లా చెపితే అట్లా చేస్తాను."

సోదరీ, గేదెల్ని ఇప్పుడే అమ్మవద్దు. పసరు తాగవద్దు. రేపే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. నా జవాబు సారాంశం ఇంతే. ఎందుకు అలా చెపుతున్నానో ఇప్పుడు వివరిస్తాను. ఇదే సందేహంతో ఇంకా అనేక ఉత్తరాలు వచ్చాయి. వారందరికీ కూడా ఇదే సమాధానం.

ఈ గడ్డలు ఏమిటి?

గర్భసంచి కండతో చేసిన సంచి. ఆ కండలోని ఒక కణం అదుపు తప్పి పెరిగి, గుండ్రంగా, గట్టిగా ఒక ముద్ద కడుతుంది. దాన్నే మేము ఫైబ్రాయిడ్ అంటాము. ఒకటి వుండవచ్చు, పది వుండవచ్చు. శనగగింజంత నుంచి కొబ్బరికాయంత దాకా వుండవచ్చు. ఆడవారి శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోనులే వీటికి ఎరువు. అందుకే బహిష్టు మొదలుకాని పిల్లల్లో ఇవి కనిపించవు. ముట్లు ఆగిపోయిన తరువాత చాలామందిలో వాటంతట అవే చిక్కిపోతాయి.

ఇవి ఎంత సామాన్యమో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, 50 ఏళ్ళు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగా ఈ గడ్డలు ఏర్పడుతున్నట్లు తేలింది. వారిలో చాలామందికి ఏ బాధా లేదు. స్కానింగు తీస్తే తప్ప వున్నట్లే తెలియదు. మన ఇళ్ళల్లో కూడా అంతే. అమ్మమ్మల కాలంలో ఇవి లేక కాదు, స్కానింగు యంత్రం లేక తెలియలేదు.

గడ్డ ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడ వుంది అన్నది ముఖ్యం. గర్భసంచి పైపొర మీద, బయటివైపుకు పెరిగిన గడ్డ నిమ్మకాయంత వున్నా రక్తస్రావం కలిగించకపోవచ్చు. కండ మధ్యలో పెరిగినవి పెద్దవైతే స్రావం, నొప్పి, బరువు కలిగిస్తాయి. సంచి లోపలి పొరలోకి పొడుచుకు వచ్చినది శనగగింజంత వున్నా కుండలతో పోసినట్లు రక్తం పోగొట్టగలదు. కాబట్టి స్కానింగు కాగితంలో సెంటీమీటర్లు చూసి గుండె బాదుకోవద్దు. "గడ్డ ఎక్కడ వుందండీ?" అని మీ డాక్టరును అడగండి.

క్యాన్సరుగా మారుతుందా?

ఈ ఒక్క మాటతోనే ఎంతోమంది తల్లులు ఆపరేషను బల్ల ఎక్కుతున్నారు. మామూలు ఫైబ్రాయిడ్ క్యాన్సరు కాదు. గర్భసంచి కండలో పుట్టే క్యాన్సరు వేరే వుంది కాని అది బహు అరుదు. అదికూడా మామూలు గడ్డ ముదిరి అలా అవుతుందని కాక, మొదటినుంచే వేరుగా పుడుతుందని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. "ఇప్పుడు తీయకపోతే రేపు క్యాన్సరు" అని ఎవరైనా అంటే, ఏ పరీక్షను బట్టి అంటున్నారో మర్యాదగానే అడగండి.

అయితే నిర్లక్ష్యం చేయకూడని గుర్తులు కొన్ని వున్నాయి. ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, ముట్లు ఆగిన తరువాత కూడా గడ్డ పెరుగుతున్నా, రెండు బహిష్టుల మధ్య గాని, భర్తతో కలిసిన తరువాత గాని రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. 45 ఏళ్ళు దాటినవారికి స్రావం ఎక్కువైతే గర్భసంచి లోపలి పొరనుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం అవసరం. గర్భసంచి ముఖద్వారం పరీక్ష కూడా చేయించుకోవాలి. అది నొప్పి లేని, ఐదు నిమిషాల పరీక్ష.

నేను చేసిన పొరపాటు

పాఠకులకు నీతులు చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరొక ఊళ్ళో, 39 ఏళ్ళ తల్లి ఒకామె వచ్చింది. పొత్తికడుపు పరీక్ష చేసి, "చిన్న గడ్డే తల్లీ, భయం లేదు. ముట్లాగిపోతే అదే తగ్గుతుంది" అని పంపేశాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని కనురెప్ప కిందికి లాగి చూడలేదు. రక్తపరీక్ష రాయలేదు. ఆ రోజు బయట వరుసలో ఇంకా ఎనభైమంది నిలబడి వున్నారు. అది కారణమే గాని సమర్థన కాదు.

ఏడాది తరువాత ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. ముఖం సున్నం కొట్టినట్లుంది. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడడం లేదు. హీమోగ్లోబిన్ 3.8 గ్రాములు. ఆ ఏడాదంతా ఆమె "డాక్టరమ్మే భయం లేదంది గదా" అన్న ధైర్యంతో ఆకు పసరు తాగుతూ కూర్చున్నదట. పథ్యమని గుడ్డు, పప్పు, ఆకుకూర మానేసి చారన్నం తిన్నదట. నెలనెలా రక్తం పోతూనే వుంది, లోపలికి వెళ్ళేది లేదు. రక్తం ఎక్కించి, అదృష్టవశాత్తూ బతికించగలిగాం. ఇంటివాళ్ళు నాకు దండం పెట్టి వెళ్ళారు. ఆ దండం నాకు ఇప్పటికీ బరువుగానే వుంది.

ఆ రోజునుంచి ఏ తల్లి గడ్డ అని వచ్చినా నేను ముందు రక్తం సంగతి చూస్తాను, తరువాతే గడ్డ సంగతి. గడ్డ సాధారణంగా ప్రాణం తియ్యదు. పట్టించుకోని రక్తహీనత తీస్తుంది.

ముందు రక్తం, తరువాత గడ్డ

మామూలుగా ఒక బహిష్టులో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే ఎక్కువ స్రావం అంటాము. ఎవరూ కొలిచి చూడరు గనుక ఈ గుర్తులు పెట్టుకోండి. గంటకో రెండు గంటలకో గుడ్డ లేక ప్యాడు మార్చవలసి రావడం, రాత్రి నిద్రలో లేచి మార్చుకోవలసి రావడం, రూపాయి బిళ్ళకంటే పెద్ద గడ్డలు పడడం, ఏడు రోజులకు మించి సాగడం – వీటిలో ఏ ఒక్కటి వున్నా అది ఎక్కువ స్రావమే. "నాకు మొదట్నించీ ఇంతే" అని సరిపెట్టుకోవద్దు.

హీమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు, ఉచితంగా. ఆడవారికి 12 గ్రాములు వుండాలి. 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత వుంది. అంటే గడ్డలు లేనివారిలోనే సగంమందికి రక్తం చాలదు. గడ్డ వుండి, స్రావమూ ఎక్కువగా వున్నవారి సంగతి చెప్పనక్కరలేదు. కలిగిరి సోదరికి మెట్లెక్కితే వచ్చే ఆయాసం గడ్డవల్ల కాదు, రక్తం తక్కువై వస్తూ వుండవచ్చునని నా అనుమానం.

ఐరన్ మాత్రలు వాడడంలో మనవాళ్ళు చేసే తప్పులు మూడు. కాఫీతోనో, పాలతోనో వేసుకుంటారు. అప్పుడు ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసం కలిపిన నీళ్ళతో వేసుకోండి. ముందూ వెనకా ఒక గంట కాఫీ, టీ, కాల్షియం మాత్రలు వద్దు. రెండవ తప్పు, విరేచనం నల్లగా వచ్చిందని భయపడి మానేయడం. అది మాత్ర రంగే, ప్రమాదం లేదు. మూడవది, నీరసం తగ్గగానే ఆపేయడం. హీమోగ్లోబిన్ సరి అయిన తరువాత కూడా మూడు నెలలు వాడితేగాని శరీరంలో నిల్వ ఏర్పడదు. కడుపులో వికారంగా వుంటే అన్నం తిన్న తరువాత, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. అసలే పడనివారికి, మరీ తక్కువగా వున్నవారికి ఆసుపత్రిలో నరానికి ఐరన్ ఎక్కించే సదుపాయం వుంది.

తిండి చేసే మేలు

తిండివల్ల గడ్డ కరగదు. ఈ మాట ముందే చెపుతున్నాను. కాని తిండివల్ల రక్తం పడుతుంది, బరువు అదుపులో వుంటుంది, కొత్త గడ్డలు పెరిగే అవకాశం కొంత తగ్గవచ్చు. ఇటలీలో 1999లో ప్రచురించిన పరిశోధనలో ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా తినే స్త్రీలలో గడ్డలు తక్కువగానూ, గొడ్డు మాంసం, పంది మాంసం ఎక్కువగా తినేవారిలో ఎక్కువగానూ కనిపించాయి. దీన్నిబట్టి ఆకుకూరే మందు అనలేము. కాని నష్టం లేనిది, ఖర్చు లేనిది చెయ్యడానికి సంకోచం ఎందుకు?

మెట్ట ప్రాంతంలో మన పెద్దలు తిన్న సజ్జ సంకటి, రాగి సంకటి, అలసందలు, ఉలవలు, కందిపప్పు మళ్ళీ వంటింట్లోకి తెచ్చుకోండి. పెరట్లో మునగచెట్టు వుంటే మునగాకు వారానికి రెండుసార్లు పప్పులో వెయ్యండి. తోటకూర, గోంగూర, పొన్నగంటికూర ఏది దొరికితే అది. ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పులుపు కావాలి. ఒక నిమ్మచెక్క పిండుకోండి. ఉసిరికాయ అయితే మరీ మంచిది. ఇనుప బాణలిలో వండితే కొంత లాభం. మాంసాహారులు వారానికొకసారి చేపలో, మేక కార్జమో తినవచ్చు. రోజూ ఒక గుడ్డు తినండి. బెల్లం ముక్క, రెండు ఖర్జూరాలు తిన్నంత మాత్రాన రక్తం పట్టదు. వాటిని నమ్ముకుని మాత్ర మానవద్దు.

ఇక "వేడి" సంగతి. గడ్డ వుందనగానే గుడ్డు వేడి, నువ్వులు వేడి, మునగాకు వేడి, బొప్పాయి వేడి అని ఒక్కొక్కటీ మాన్పిస్తారు. చివరికి మజ్జిగన్నం మిగులుతుంది. రక్తం పోతున్న మనిషికి రక్తం ఇచ్చే తిండి మాన్పించడం ఎక్కడి వైద్యం? అత్తగారూ, మీకే చెపుతున్నాను. కోడలిమీద ప్రేమతోనే మీరు చెపుతున్నారు. ఆ ప్రేమను ఒక గుడ్డు రూపంలో పళ్ళెంలో పెట్టండి.

బరువు, నడక, నిద్ర, ఎండ

ఒంట్లోని కొవ్వు కూడా కొంత ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. అందుకే లావుగా వున్నవారిలో ఈ గడ్డలు ఎక్కువ. రక్తపోటు వున్నవారిలో కూడా ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి టౌనులో వుండి, కూర్చుని చేసే పని వున్నవారు రోజూ అరగంట వడిగా నడవండి. పల్లెలో పొలం పనికి, గ్రేడింగుకు వెళ్ళే తల్లికి వ్యాయామం చెయ్యమని చెప్పడం అన్యాయం. ఆమెకు కావలసింది విశ్రాంతి, స్రావం ఎక్కువగా వున్న రెండు రోజులు బరువు పనినుంచి సెలవు. ఇంట్లో మగవారు ఆ రెండు రోజులు బిందెలు మొయ్యండి. ఇందుకు డాక్టరు చీటీ అక్కర్లేదు.

విటమిన్ డి తగినంత వున్నవారిలో గడ్డలు తక్కువగా వుంటాయని 2013లో అమెరికాలో ఒక పరిశీలన తేల్చింది. ఆ విటమిన్ వేసుకుంటే వున్న గడ్డ కరుగుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. ఎండ ఎంత వున్నా మన స్త్రీలలో ఈ లోపం చాలా ఎక్కువ. పరీక్షలో తక్కువ వుంటే డాక్టరు సలహాతో వాడండి, ఎముకలకైనా మేలు.

నొప్పికి పొత్తికడుపు మీద వేడినీళ్ళ సీసా పెట్టడం మంచి వైద్యం. కొందరు ఆముదం రాసి కాపడం పెడతారు. ఆముదం గడ్డదాకా వెళ్ళదు. కాని ఆ వేడి కండ బిగువును సడలిస్తుంది. హాయిగా వుంటే చేసుకోండి. యోగాసనాలు నొప్పిని, మనసులోని బెంగను తగ్గించవచ్చు. గడ్డను తగ్గించవు. ఒక హెచ్చరిక: నొప్పి మాత్రలు దుకాణంలో కొని రోజుల తరబడి మింగకండి. అవి మూత్రపిండాలకు చెరుపు.

పసరు, అరిష్టం, గ్రీన్ టీ

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన వైద్యశాస్త్రాలను నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. స్త్రీల వ్యాధులకు అశోకారిష్టాన్ని, గడ్డలకు కాంచనార గుగ్గులును ఆయుర్వేదం ఏనాటినుంచో వాడుతోంది. కాని ఇవి ఫైబ్రాయిడ్‌లను కరిగిస్తాయని పెద్ద సంఖ్యలో రోగులమీద జరిపిన నమ్మదగిన పరిశోధనల్లో ఇంతవరకూ రుజువు కాలేదు. వాడదలచుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుని దగ్గర, హీమోగ్లోబిన్ చూసుకుంటూ, ఐరన్ మానకుండా వాడండి. మీరు వాడుతున్నట్లు మీ డాక్టరుకు చెప్పండి.

ఒక ముచ్చట. మన వీధుల్లో, బడుల ఆవరణల్లో సన్నగా, పొడుగ్గా పెరిగే చెట్టును అందరూ అశోక చెట్టు అంటారు. అది అశోకం కాదు, నరమామిడి. అసలు అశోకం ఎర్రని, నారింజ రంగు పూల గుత్తులు పూస్తుంది. బజారులో అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు కలిపి అమ్మడం ఎప్పటినుంచో వున్న మోసమే. చెట్టు దగ్గరే ఇంత గందరగోళం వుంటే, ఆకులన్నీ నలిగి నీరైన పసరులో ఏముందో ఎవరు చెప్పగలరు? వెలికొండల్లో మంచి మూలికలు లేవని కాదు. గ్లాసులో వున్నది అదేనని పూచీ ఎవరిది? కొన్ని నాటుమందుల్లో స్టిరాయిడ్లు, పాదరసం, సీసం బయటపడ్డ సందర్భాలు వున్నాయి. కాలేయం దెబ్బతిని కామెర్లతో వచ్చిన రోగులను నేను చూశాను.

"పసరు తాగితే మా పక్కింటామెకు తగ్గింది" అని రాసేవారికి ఒక మాట. ఆమె వయస్సు ఎంత? 48, 50 అయితే ముట్లు వెనకబడుతున్న వయస్సు. గడ్డ తనంతట తానే చిక్కుతుంది. తాగిన పసరుకు పేరు వస్తుంది.

పట్నవాసులకు గ్రీన్ టీ మోజు. 2013లో ఈజిప్టులో నలభైమందికి లోపు స్త్రీలమీద ఒక పరిశోధన చేశారు. గ్రీన్ టీ సారాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములు నాలుగు నెలలు ఇస్తే గడ్డలు సుమారు మూడోవంతు తగ్గాయి. ఆశాజనకమే. కాని అంత కొద్దిమందితో నిర్ధారణ చెయ్యలేము. పైగా గ్రీన్ టీ సారాన్ని ఎక్కువ మోతాదులో మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి హాని జరగవచ్చని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. కప్పుతో తాగండి, మాత్రలు కొనకండి.

కోతకు ముందు ఎన్ని మెట్లు?

పసరుకూ కత్తికీ మధ్య ఏమీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. బాధ లేని గడ్డకు వైద్యమే అక్కర్లేదు. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు. స్రావం ఎక్కువైతే, ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు రక్తాన్ని బాగా తగ్గిస్తాయి. 1962లో జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు కనిపెట్టిన మందు ఇది. కాళ్ళ నరాల్లో, మెదడులో, గుండెలో రక్తం గడ్డకట్టిన చరిత్ర వున్నవారు వాడకూడదు. కనుక డాక్టరు రాస్తేనే వాడండి.

హార్మోను వుండే లూపు ఒకటి వుంది. గర్భసంచిలో అమరిస్తే ఐదేళ్ళపాటు స్రావాన్ని అదుపులో వుంచుతుంది. లోపలి పొర గడ్డలవల్ల వంకర తిరగనివారికి పనికి వస్తుంది. ఆపరేషనుకు ముందు గడ్డను తాత్కాలికంగా చిక్కించే ఇంజెక్షన్లు వున్నాయి. గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసివేసే పద్ధతిని ఫ్రాన్సు వైద్యులు 1995లో ప్రకటించారు. ఇప్పుడది మన పెద్ద నగరాల్లోనూ చేస్తున్నారు. పిల్లలు కావలసినవారికి సంచిని వుంచి గడ్డను మాత్రమే తీసే ఆపరేషను వుంది. మళ్ళీ కొత్తవి రావచ్చు, అది ముందే తెలుసుకోవాలి.

వీటన్నిటికీ లొంగనప్పుడు, గడ్డ మరీ పెద్దదై మూత్రాశయాన్ని నొక్కుతున్నప్పుడు, రక్తహీనత తిరగబెడుతున్నప్పుడు, పిల్లలు చాలనుకున్న తల్లికి సంచి తీయడం మంచి వైద్యమే. ఆ ఆపరేషనుతో జీవితం సుఖపడినవారు వేలమంది వున్నారు. నేను ఆపరేషనుకు విరోధిని కాను. తొందరకు విరోధిని.

ఆ తొందర మన రాష్ట్రంలో ఎక్కువ. 2015-16 నాటి జాతీయ సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసివేసినవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మన ఆడవారి గర్భసంచులు మూడురెట్లు చెడ్డవా? అనవసర ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని అన్ని రాష్ట్రాలూ అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ముఖ్యంగా 40 ఏళ్ళ లోపువారికి సంచి తీస్తే, ఎందుకు తీశారో కారణం లెక్క చెప్పవలసి వుంటుంది.

సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లాగిన దశ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఒళ్ళు ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి. అండాశయాలు వుంచినా కొందరికి ముట్లాగిన దశ త్వరగా రావచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో గుర్తించింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నీటిలో ఫ్లోరైడు వున్న మెట్ట గ్రామాల్లో అసలే నడుములు, మోకాళ్ళు పట్టేసి వుంటాయి. అటువంటిచోట ముప్పైలలోనే అండాశయాలు పోగొట్టుకున్న ఆడపిల్ల నలభైకే ముసలిదవుతుంది.

ఆపరేషను అన్నప్పుడు ఈ ఐదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి:

1. నా హీమోగ్లోబిన్ ఎంత?
2. గడ్డ సంచిలో ఏ పొరలో వుంది?
3. మందులతో ఎన్ని నెలలు ప్రయత్నించవచ్చు?
4. గడ్డను మాత్రమే తీయడం కుదురుతుందా?
5. అండాశయాలు వుంచుతారా? లేకపోతే ఎందుకు?

మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. కోపం వస్తే మరొక డాక్టరు సలహా తీసుకోండి. రెండో సలహా తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు.

కొన్ని చిన్న సందేహాలు

"పెళ్ళయి రెండేళ్ళయింది. గడ్డ వుందన్నారు. నాకు పిల్లలు పుట్టరా?" అని ఆత్మకూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది. గడ్డలు వున్న చాలామందికి గర్భం నిలుస్తుంది, కాన్పు అవుతుంది. లోపలి పొరలోకి పెరిగిన గడ్డ మాత్రం అడ్డు రావచ్చు. అటువంటిది తీయవలసి వుంటుంది. భర్తకు కూడా పరీక్ష చేయించకుండా తప్పంతా గడ్డమీద వెయ్యవద్దు. గర్భం వచ్చిన తరువాత గడ్డ నొప్పి చేస్తే కంగారు పడక ఆసుపత్రికి వెళ్ళండి. సాధారణంగా విశ్రాంతితో, మందులతో తగ్గుతుంది.

"మా అమ్మకు వుంది, నాకూ వస్తుందా?" రావచ్చు. తల్లికి, అక్కచెల్లెళ్ళకు వుంటే అవకాశం ఎక్కువ. వచ్చినంత మాత్రాన బాధ పెడుతుందని లేదు.

చివరిగా, కలిగిరి సోదరికి. అమ్మా, ఉత్తరం చూసి మందు రాయడం తగదు. మనిషిని చూడాలి. రేపు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి హీమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తపోటు చూపించుకోండి. హీమోగ్లోబిన్ 8 లోపు వుంటే ఆ రోజే నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి బయలుదేరండి. పైన వుంటే ఐరన్ మొదలుపెట్టి, స్కానింగు కాగితం తీసుకుని స్త్రీల వైద్యురాలిని కలవండి. మీకు 43 ఏళ్ళు. మరికొన్నేళ్ళకు ముట్లు వాటంతట అవే ఆగుతాయి. అంతదాకా రక్తం నిలుపుకుంటూ నెట్టుకు రాగలమా, లేక ఆపరేషనే మేలా అన్నది పరీక్షలు చూసి, మీరూ డాక్టరూ కలిసి తేల్చుకోవాలి. ఆపరేషను తప్పదంటే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు.

గేదెలు ఇంట్లోనే వుండనివ్వండి. వాటి పాలలో ఒక గ్లాసు రోజూ మీరు తాగండి, ఐరన్ మాత్రకు రెండు గంటలు ఎడంగా. ఈ పత్రిక మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. పరీక్ష ఫలితం వచ్చాక నాకు ఒక కార్డు రాయండి. ఎదురు చూస్తుంటాను.